స్వాగత తోరణానికి నూట ఇరవై రెండు మార్కులు

గద్వాల,
సెప్టెంబర్ 4

మహారాజశ్రీ సహ మూల్యాంకనాధికారిణి పావని గారి దివ్య సముఖానికి, తోటి అధికారి రాఘవేంద్ర రాసుకున్న విన్నపం.

నేను క్షేమం. నీ క్షేమం కోరవచ్చో లేదో అధికార హోదాలో ఇంకా తేలలేదు.

సంగతి నీకు తెలిసే ఉంటుంది. అయినా అన్నీ కాగితం మీద ఉండాలట గనక రాస్తున్నాను. మన వనపర్తి డిగ్రీ కాలేజీ హాస్టల్ పాత విద్యార్థుల సంఘం ఈ ఏడు కూడా ఒక్క మంచి పనిని ఎంచుకుని, దానికోసం చందాలు పోగు చేయబోతోంది. పోయినేడు చేతులెత్తి ఎంచుకున్నాం. గట్టిగా అరిచినవాళ్లు నెగ్గారు. ఫలితంగా ఒక ఊరికి క్రికెట్ కిట్టు ముట్టింది. ఆ ఊళ్లో ఆడుకునే జాగా లేదు. ఇప్పుడు ఆ బ్యాట్లతో బట్టలుతుకుతున్నారని వినికిడి.

అందుకని మన పాత వార్డెన్ దశరథం సార్ ఈసారి మార్కుల పద్ధతి పెట్టారు. నాలుగు దరఖాస్తులు వచ్చాయి. దిద్దడానికి గద్వాల దిక్కునుంచి నన్ను, నాగర్‌కర్నూల్ దిక్కునుంచి నిన్ను పట్టారు. తాను వనపర్తిలో, నడుమన, త్రాసు ముల్లులా కూర్చుంటారు. నిన్న ఫోన్ చేసి నాకు చెప్పిన షరతు ఇది:

"మీరిద్దరు దీని గురించి ఫోన్ల మాట్లాడొద్దు. వాట్సాపు గూడ వద్దు. ఏమన్న అడిగేదుంటే ఉత్తరం రాసుకోండ్రి. ఫోన్ల అన్నది రేపు అనలే అంటరు. కాయితమైతే నా చేతికి దొరుకుతది."

మార్కులు మాత్రం ఒకరివి ఒకరు చూడకుండా కవర్లో పెట్టి ఆయనకే పంపాలి. అంటే పావనీ, మూడేళ్లు నా ఎకనామిక్స్ నోట్సు చూసి రాసినదానివి, మొట్టమొదటిసారి సొంతంగా రాయబోతున్నావు. భయపడకు.

మార్కుల పట్టిక జత చేశాను. అవసరం ఎంత: ముప్పై. ఎంతమందికి మేలు: ఇరవై. చందా ఇచ్చేవాళ్ల చెయ్యి జేబులోకి పోతుందా: ఇరవై. మనం పక్కకు తప్పుకున్నాక కూడా నడుస్తుందా: ఇరవై. ఎంత తొందరగా అవుతుంది: పది. ముప్పై ఐదు రాకపోతే ఫెయిల్. మన కాలేజీ ఆచారం తప్పకూడదు కదా.

ఇట్లు,
రాఘవేంద్ర, బి.కాం., చీరల డిజైన్లు గీయువాడు, ప్రస్తుతం న్యాయమూర్తి


ఉప్పునుంతల,
సెప్టెంబర్ 11

రాఘవా,

నీ నోట్సు చూసి రాసినందుకే నాకు ఎకనామిక్స్‌లో సెకండ్ క్లాస్ వచ్చింది. ఆ కేసు ఇంకా మూసేయలేదు.

బడిలో పిల్లల పేపర్లు దిద్ది దిద్ది చేతికి ఎర్ర సిరా అంటిన టీచరును నేను. నాకు దిద్దడం నేర్పకు. నాలుగు దరఖాస్తులూ చదివాను. ముందు శ్రీరంగాపూర్ వాళ్లది. మన సీనియర్ చరణ్ గుర్తున్నాడా, హాస్టల్ ఫంక్షన్లన్నిటికీ మైకు పట్టుకునేవాడు? ఇప్పుడు ఫ్లెక్సీల షాపు పెట్టాడు. గుడికి పోయే తోవలో స్వాగత తోరణం కట్టాలట. చందా ఇచ్చినవాళ్లందరి పేర్లు చెక్కిస్తాడట. నడుమ ఎవరి ఫోటో ఉంటుందో నేను చెప్పనవసరం లేదు. బొమ్మ గీసి పంపాడు. తోరణం కన్నా ఫోటో పెద్దగా ఉంది.

రెండోది అయిజ నుంచి స్టీఫెన్ అన్నది. మార్కెట్ దగ్గర కూలి ఆడవాళ్లకు మరుగుదొడ్లు. చాలా అవసరం. కానీ జాగా ఎవరిదో తేలలేదని ఆయనే నిజాయితీగా రాసుకున్నాడు. జాగా లేకుండా గోడలెక్కడ కడతాం?

మూడోది మీ గద్వాల ఆడవాళ్లది. దాని మీద నాకు చాలా ప్రశ్నలున్నాయి. నాలుగోది మా ఉప్పునుంతలది. దాని గురించి నువ్వే చూసుకో, నాకు చెప్పడానికేం లేదు.

పావని


గద్వాల,
సెప్టెంబర్ 18

ఎర్ర సిరా వారికి,

చరణ్ అన్న తోరణాన్ని మన పట్టిక ప్రకారం దిద్దుతుంటే నాకు చెమట పట్టింది. అవసరం సున్నా. అంతవరకు బాగానే ఉంది. ఎంతమందికి మేలు? దాని కిందినుంచి పోయే ప్రతివాడికీ, బర్రెలతో సహా. చందా ఇస్తారా? రాతి మీద పేరు చెక్కుతామంటే మా వీధి పిసినారి కూడా ఇస్తాడు. మనం తప్పుకున్నాక నడుస్తుందా? సిమెంటుకు జీతమా, భత్యమా! తొందరగా అవుతుందా? నెలలో. పట్టిక మనమే ఒప్పుకున్నాం, ఇప్పుడు దాని నోరు మూయలేం. అయినా మిగతావి ముందుంటాయిలే అనుకుని ఊరుకున్నాను.

ఇక మీ ఊరి కాగితం. పావనీ, అది చదివి కాసేపు జోకులు మరిచిపోయాను. ఈరమ్మ అట, ఇంకో ముగ్గురు ఆడవాళ్లట. నలుగురివీ వేలిముద్రలు. గుంపు మేస్త్రి ముందే వచ్చి ఇంటింటికీ అడ్వాన్సులిచ్చి, దీపావళి పోంగనే జనాన్ని పూనా దిక్కు బిల్డింగు పనులకు ఎక్కించుకుపోతాడు. పిల్లలను కూడా. ఆరు నెలలకు తిరిగొచ్చేసరికి బడి అయిపోతుంది. వాళ్లు అడిగేది ఇంతే: పాత బడి గది ఒకటి ఖాళీగా ఉంది, దానికి తలుపు, గిన్నెలు, చాపలు, ఆరు నెలల బియ్యం. అమ్మానాయినలు పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండిపోవచ్చు. చివర ఎవరితోనో రాయించిన మాట చూశావా?

"పిల్లలకు చదువు చెప్పుడు మాకు రాదు. అన్నం పెట్టుడు, తలకు నూనె రాసుడు, బడికి తరుముడు వస్తది."

ఇంత సూటిగా రాసిన దరఖాస్తు నేను చూడలేదు. నువ్వు ఆ ఊళ్లోనే ఉన్నావు గదా, ఈ ఈరమ్మ ఎవరు, ఎలాంటి మనిషి, చెప్పినంత చేయగలదా, పోయి చూసి రాయి.

రాఘవేంద్ర

తా.క. గద్వాల దరఖాస్తు గురించి నన్నడగకు. మామూలుగానే ఉంది.


ఉప్పునుంతల,
సెప్టెంబర్ 23

రాఘవా,

ఈరమ్మను చూశాను. ఉంది. చేయగలదు.

మీ గద్వాల కాగితం మామూలుగా ఉందా? నీ కళ్లకు ఏమైంది? పది మంది ఆడవాళ్లు మగ్గానికెక్కించే పడుగును వీధిలో సాగదీస్తారట, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, నడుమ వేల పోగులు. బైకోడు హారన్ కొడితే పైకెత్తి పట్టుకోవాలట. చినుకు పడితే మొత్తం చుట్టుకుని ఇళ్లలోకి పరుగెత్తాలట. పట్టు తడిస్తే పది రోజుల పని పోయినట్టే. వాళ్లు అడిగేది వీధంత పొడవు రేకుల షెడ్డు ఒక్కటి. గోడలు కూడా వద్దన్నారు. అది చదివాక నా గద్వాల చీర కొంగు పట్టుకుని చాలాసేపు చూశాను. మా అక్క పెళ్లికి కొన్నది. దానికోసం ఎవరో వానలో ఉరికి ఉంటారని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ అనంతమ్మ అనే ఆమెను నువ్వు కలిశావా? మీ గద్వాలలోనే గదా ఉండేది. కలిసి నా తరఫున దండం పెట్టు.

మార్కుల కవరు ఈరోజే సార్‌కు పంపాను.

పావని


గద్వాల,
సెప్టెంబర్ 28

పావనీ,

ఈసారి బిరుదులు లేవు. కోపంగా ఉన్నాను.

సార్ మార్కులు కలిపి ఇద్దరికీ పంపారు గదా, నీకూ అందే ఉంటుంది. అందకపోతే విను. శ్రీరంగాపూర్ తోరణం: నావి అరవై రెండు, నీవి అరవై, మొత్తం నూట ఇరవై రెండు. ఉప్పునుంతల పిల్లల వసతి నూట పదిహేడు. గద్వాల షెడ్డు నూట పదహారు. అయిజ మరుగుదొడ్లు నూట పన్నెండు.

తోరణం ఫస్టు! చరణ్ అన్న ఫోటో ఫస్టు! అక్టోబర్ 12 ఆదివారం వనపర్తి మీటింగులో సార్ చదువుతారు, అక్కడికక్కడే చందాలు మొదలు. ఎట్లా తెలిసిందో గానీ, చరణ్ అన్న అప్పుడే నాకు ఫోన్ చేసి, "తమ్మీ, ఫోటోల కండ్లద్దాలు పెట్టుకోవాల్నా, తీసెయ్యాల్నా?" అని సలహా అడిగాడు.

ఎందుకిట్లయ్యిందో తెలుసా? ఉప్పునుంతలకు నేను ఎనభై ఆరు వేశాను. నువ్వు వేసింది ముప్పై ఒకటి. ముప్పై ఒకటి! మీ ఊరు. నీ బడి. దీపావళి తర్వాత మీ ఊరి బడిలో బెంచీలు ఖాళీ అవుతాయని నువ్వే ఫైనలియర్‌లో ఏడుస్తూ చెప్పావు. ఆ నలుగురు ఆడవాళ్లను ఫెయిల్ చేయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది?

జవాబు కావాలి.

రాఘవేంద్ర


ఉప్పునుంతల,
అక్టోబర్ 1

రాఘవా,

నువ్వు కోపంగా ఉన్నప్పుడే నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అట్లే ఉండు.

ఈరమ్మ మా అమ్మ.

మూడేళ్లు ఒకే హాస్టల్ మెస్సులో తిన్నాం. నువ్వు మీ అమ్మను అమ్మ అన్నావు, నేను మా అమ్మను అమ్మ అన్నాను. పేర్లెవరు అడిగారు? సార్ నన్ను మార్కులేయమన్నప్పుడు మా అమ్మ కాగితం పంపుతోందని నాకు తెలియదు. కవరు విప్పితే వేలిముద్ర కనబడింది. ఆ వేలికి మధ్యలో సిమెంటు తిన్న గీత ఉంటుంది. వేరే ఎవరికీ ఉండదు. ఆమె పద్నాలుగేళ్లు మేస్త్రి తెచ్చే ఆ డీసీఎం లారీ ఎక్కింది. నేనూ ఎక్కాను. మూడో తరగతి రెండుసార్లు చదివింది తెలివి తక్కువై కాదు.

ఎక్కువ వేస్తే 'సొంత తల్లికి దోచిపెట్టింది' అంటారు. అందుకని ప్రతి గడిలో కోసుకుంటూ పోయాను. అవసరం దగ్గర ముప్పైకి పది వేసినప్పుడు పెన్ను పక్కన పెట్టి, లేచి నీళ్లు తాగొచ్చాను. నువ్వు ఎట్లాగూ ఎక్కువ వేస్తావు, సరిపోతుంది అనుకున్నాను. తోరణం మధ్యలోంచి దూరిపోతుందని అనుకోలేదు.

ఇప్పుడు నీ సంగతి. అనంతమ్మకు నేను ఎనభై రెండు వేశాను. నువ్వు ముప్పై నాలుగు. పాసుకు ఒక్క మార్కు తక్కువ. ఒక్క మార్కు! మా హెడ్మాస్టర్ కూడా ఇంత దుర్మార్గంగా దిద్దడు. ఎందుకు?

పన్నెండున నేను రాలేను. సరిగ్గా అదే రోజు మేస్త్రి ఎల్లయ్య ఊళ్లో అడ్వాన్సులు పంచుతాడు. పైసలు చేతిలో పడేలోపు, పిల్లలను వదిలిపొమ్మని ఇంటింటికీ చెప్పాలి. వసతి వస్తుందో రాదో తెలియకుండా ఏం చెప్పాలి? అమ్మ మాత్రం అప్పుడే పదకొండు పేర్లు మనసులో పెట్టుకుంది.

ఈ ఉత్తరం మీటింగులో చదువు. సార్ ఏమన్నా సరే.

పావని


గద్వాల,
అక్టోబర్ 5

పావనీ,

నవ్వకు. అనంతమ్మ మా అమ్మ.

నేనూ అదే పని చేశాను. అచ్చంగా అదే. ముప్పై నాలుగు దగ్గర ఆగింది మాత్రం కావాలనే. ఫెయిల్ చేస్తే గానీ నా నిజాయితీ ఎవరికీ కనబడదనుకున్నాను. ఇద్దరం కలిసి ఇద్దరమ్మలనూ ఫెయిల్ చేసి, ఫ్లెక్సీల చరణ్ అన్నను పాసు చేశాం. కాలేజీ చరిత్రలో ఇంత నిజాయితీగా ఇంత పనికిమాలిన పని ఎవరూ చేసి ఉండరు.

నీ ఉత్తరం అందిన రోజే ఇంట్లో ఒప్పేసుకున్నాను. నాయిన తుకారాం మగ్గం మీదినుంచి లేవకుండానే, "ఇరవై రెండేండ్ల సంది పెంచినందుకు ఒక్క మార్కు గూడ మాఫ్ చెయ్యలేదార?" అన్నాడు. అమ్మ మాత్రం నీ ఉత్తరం మొత్తం చదివించుకుంది. మీ అమ్మ సంగతి రెండుసార్లు. తర్వాత అడిగింది:

"పిల్లల బండి ఎప్పుడు పోతదంట?"

"దీపావళి దాటినంక."

"మరి మాది ఎందుకు ముందు వెడ్తుండ్రు? వానొస్తే మేము పడుగు చుట్టుకోని ఇంట్లకు ఉరుకుతం. ఆళ్లు పిల్లల్ని యాడ చుట్టి పెడ్తరు? ముందు ఆళ్లది కానీయ్. మాది సంక్రాంతి పోయినంకైనా అయితది, రేకులెక్కడికి పోవు."

పావనీ, మన పట్టికలో 'ఎంత తొందరగా అవుతుంది' అని పది మార్కులున్నాయి. 'ఆలస్యమైతే ఏం పోతుంది' అన్న గడి లేదు. బి.కాం. ఇద్దరికీ తట్టని గడి. మా అమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ పూరించింది.

పన్నెండున నీదీ చదువుతాను, నాదీ చెబుతాను. చరణ్ అన్న మొహం ఎట్లా ఉంటుందో నీకు వివరంగా రాస్తాను. నువ్వు పదకొండు ఇళ్ల తలుపులు కొట్టు. వస్తుందనే చెప్పు.

రాఘవేంద్ర


వనపర్తి బస్టాండు,
అక్టోబర్ 12

పావనీ, పావనీ, పావనీ!

బస్సు రావడానికి గంట ఉంది. టీ స్టాలు బల్ల మీద రాస్తున్నాను, మరకలు చాయ్‌వి.

నలభై మంది వచ్చారు. చరణ్ అన్న నిజం తోరణం లాంటిదే ఫ్లెక్సీ ఒకటి ముద్రించి తెచ్చి గుమ్మానికి కట్టాడు, 'సుస్వాగతం' అని. కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నాడు. సార్ లేచి పట్టిక చదవబోతుంటే నేను చెయ్యెత్తాను. నీ ఉత్తరం చదివాను. వేలిముద్ర గీత దగ్గర ఆగి, దగ్గినట్టు చేశాను. తర్వాత నాది చెప్పాను. ముప్పై నాలుగు అన్నప్పుడు వెనక బెంచీవాళ్లు 'అయ్యో' అన్నారు.

సార్ సంచిలోంచి పాత రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టారు. మన హాస్టల్ అడ్మిషన్ల రిజిస్టరు! రెండు పేజీలకు దారం గుర్తులు పెట్టుకుని మరీ తెచ్చారు. ఒకదాంట్లో తల్లి పేరు: ఈరమ్మ. ఇంకోదాంట్లో తల్లి పేరు: అనంతమ్మ.

"తండ్రి పేరు ఒక్కటే చాలంటే, తల్లి పేరు గూడ ఉండాలని రాయించుకున్నది నేనేరా," అన్నారు. "మార్కులు సూడంగనే తెల్సింది. ఎవలు ముందు నోరిప్పుతరో సూద్దామని కూసున్న."

"ఇప్పకపోతే సార్?"

"తోరణం కట్టిస్తుంటి. మీ ఇద్దరి పేర్లు దాని మీద చెక్కిస్తుంటి. పోయేటోళ్లు వచ్చేటోళ్లు సదువుకుంటుండ్రి."

తర్వాత తీర్పు. సొంత మనుషుల కాగితానికి మనమేసిన మార్కులు చెల్లవు, అవతలివాళ్లవే రెండింతలు. ఉప్పునుంతల నూట డెబ్బై రెండు! గద్వాల నూట అరవై నాలుగు. పిల్లల వసతి ఇప్పుడే, షెడ్డుకు చందాలు జనవరిలో, అయిజకు జాగా కాగితం దొరికిన రోజు. స్టీఫెన్ అన్న లేచి, "నా కాయితం నేను తెచ్చుకుంట, ముందు పిల్లలకు రెండు బస్తాల బియ్యం మా ఇంటికెల్లి రాస్కోండ్రి," అన్నాడు. సార్ భుజం మీది తువ్వాల తీసి చందాలకు పరిచారు. ఆఖరికి దాన్ని ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు.

చరణ్ అన్న మొహం గురించి మాటిచ్చాను గదా. పది నిమిషాలు ముడుచుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి, "తమ్మీ, ఆ గదికి తలుపుందా?" అని అడిగాడు. లేదన్నాను. ఎందుకో అడగకుండా వెళ్లి ఫ్లెక్సీ విప్పుకొచ్చి నా చంకలో పెట్టాడు. "తలుపు పెట్టేదాంక అడ్డం కట్టుకోండ్రి. వాన కొట్టదు," అన్నాడు.

బస్సొచ్చింది. తువ్వాల సొమ్ము, నేను అప్పగించిన ఫ్లెక్సీ రేపు సార్ స్వయంగా మీ ఊరికి తెస్తున్నారు. అమ్మకు చెప్పు, పాసైందని.

రాఘవేంద్ర


ఉప్పునుంతల,
అక్టోబర్ 26

రాఘవా,

నిన్న డీసీఎం వచ్చింది.

ఎల్లయ్య మేస్త్రి జాబితా పట్టుకుని ఒక్కొక్కరినీ ఎక్కించాడు. గిన్నెలు, మూటలు, గడపారలు. చివరికి వెనక తలుపు వేయబోతూ ఆగాడు. "ఇంత జాగ మిగిలిందేంది?" అన్నాడు. అది పిల్లలు చాపలేసుకుని కూర్చునే జాగా.

పిల్లలు గది ముందు వరుసగా నిలబడ్డారు. అమ్మ పేర్లు పిలిచి లెక్కపెట్టుకుంది. పదకొండుకు పదకొండు. ఇద్దరు బాగా ఏడ్చారు. రేణుక అనే పిల్ల మాత్రం డీసీఎం మలుపు తిరిగేదాకా చెయ్యూపి, తిరిగొచ్చి, "ఈరవ్వా, గుడ్డు ఏ రోజు వెడ్తవు?" అని అడిగింది.

గుమ్మానికి చరణ్ అన్న సుస్వాగతమే కట్టాం. తలుపు ఇంకా వడ్రంగి దగ్గరే ఉంది. పిల్లలు అప్పుడే ఆయనకు మీసాలు పెంచారు, కొమ్ములు కూడా. ఫోటో తీసి పంపమంటావా?

అమ్మకు ముప్పై ఒకటి సంగతి చెప్పకుండా దాచాను. దశరథం సార్ వచ్చినప్పుడు చెప్పేశారు. నిన్న అమ్మ పదకొండు కంచాలు కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఓ టీచరమ్మా, జర ఇప్పుడు దిద్దు, సూస్త," అంది. సొంత మనుషులకు నా మార్కులు చెల్లవు. నువ్వు వేసి పంపు. కాగితం మీద.

పావని


గద్వాల,
అక్టోబర్ 30

పావనీ,

కార్డు ముక్క రాస్తున్నాను, పని హడావుడి.

రెండు రోజులుగా తుఫాను వాన. ఈ పొద్దున కాస్త తెరిపిచ్చిందని అమ్మావాళ్లు వీధిలో పడుగు సాగదీశారు. సగం కాకముందే మళ్లీ కొట్టింది. పది మంది ఆడవాళ్లు కేకలు పెట్టుకుంటూ చుట్టుకుని పరుగు. నేనూ ఒక కొస పట్టుకుని ఉరికాను, నాయిన నవ్వాడు. ఒక్క పోగు తడవలేదు.

ఇంట్లోకొచ్చి అమ్మ పడుగు చుట్టను మంచం మీద పెట్టింది. తల కూడా తుడుచుకోకుండా నన్నడిగింది:

"మీ పావనోళ్ల ఊర్ల గూడ వాననేనా? ఆ తలుపు బిగిచ్చిండ్రా? పిల్లలు తిన్నరా?"

మార్కులు అడిగావు గదా. ఈ మూడింటికీ జవాబు రాయి, మా అమ్మ వేస్తుంది.

రాఘవేంద్ర